కెమెరా చేయలేని రెండు పనులు

ఫొటోలు తీయడం నేర్చుకోవాలనుకునేవాళ్లు అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న, ఏ కెమెరా కొనాలని. జవాబు చెప్పేవాళ్లకు కొదవ లేదు. వాయిదాల మీద కెమెరా కొంటారు, దానికో లెన్సు, ఆపైన ఇంకో లెన్సు. ఫొటోలు మాత్రం పాత ఫోన్లో తీసినట్టే వస్తుంటే నిరాశపడి దాన్ని బీరువాలో పెట్టేస్తారు. లోపం వాళ్లలో లేదు, ప్రశ్నలో ఉంది. ఫొటోగ్రఫీ పుట్టిన దగ్గర్నుంచి మనిషి చేసే పనుల్ని యంత్రం ఒక్కొక్కటిగా తన మీద వేసుకుంటూ వచ్చింది. రెండు పనులు మాత్రం ఇప్పటికీ మనిషికే మిగిలాయి. ఎక్కడ, ఏ వేళ నిలబడాలో తేల్చుకోవడం ఒకటి. తీసినవాటిలో ఏది ఉంచాలో ఎంచుకోవడం రెండోది. కొత్తగా నేర్చుకునేవాళ్లు తమ శ్రమనంతా ఈ రెండింటి మీదే పెట్టాలని నా అభిప్రాయం.

సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పేరు పొందిన రాజా దీన్‌దయాళ్ కాలం తీసుకోండి. అప్పుడు ఒక్కో ఫొటోకి ఒక్కో గాజు పలక. వెలుతురు ఎంతుందో కంటితో అంచనా కట్టడం, ఫోకస్ కుదర్చడం, పలకను రసాయనాల్లో కడగడం, కాగితం మీదికి ఎక్కించడం, అన్నీ మనుషుల చేతిపనులే. 1888లో కొడాక్ 100 ఫొటోలకు సరిపడా ఫిల్ము నింపిన కెమెరాను అమ్మింది. ఫిల్ము అయిపోయాక కెమెరానే కంపెనీకి పంపేస్తే కడగడం, ప్రింట్లు వేయడం వాళ్లే చూసుకునేవాళ్లు. 1977లో వచ్చిన కోనికా కెమెరాతో ఫోకస్ కూడా యంత్రం వంతయింది. ఇవాళ మనం ఒకసారి నొక్కితే ఫోను వరసగా ఎన్నో ఫ్రేములు తీసి, చీకటి చోట ఒకదాన్నీ వెలుగు చోట మరోదాన్నీ వాడుకుని, అన్నీ కలిపి ఒక్క ఫొటోగా ఇస్తోంది. ఇది నిజంగా గొప్ప సౌకర్యం. అయితే యంత్రానికి బాగా వచ్చేసిన పనిలోనే మనం ఇంకా తర్ఫీదు పొందుతూ కూర్చుంటే, దానికి రాని పని మనకూ రాకుండా పోతుంది.

నిలబడే చోటు సంగతి చూద్దాం. మామూలు ఫోన్ల ప్రధాన లెన్సు పాత ఫిల్ము కెమెరాల లెక్కలో 24 నుంచి 28 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. అంటే ఎక్కువ మేర పట్టే లెన్సు. దానితో చంటిపిల్లాడి మొహానికి జానెడు దూరంలోకి వెళ్లి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. తప్పు లెన్సుదని అనుకుంటాం, కానీ ఆ వంకర దూరం వల్ల వచ్చింది. అదే ఫోనుతో ఆరడుగులు వెనక్కి జరిగి తీసి, మొహం వరకు కత్తిరించి చూడండి, పోలికలు సరిగ్గా కుదురుతాయి. ఈ ఒక్క సంగతి తెలియక ఎంతమంది మొహాలు బాగుచేసే యాప్‌ల వెంట పడుతున్నారో! వెలుతురు కూడా ఇలాంటిదే. మిట్టమధ్యాహ్నం ఎండ నడినెత్తిన పడి కళ్లగుంటల్లో నీడ నింపుతుంది. అదే మనిషిని రెండడుగులు లోపలికి పిలిచి, గుమ్మం దాటగానే వీధివైపు మొహం పెట్టించండి. బయటి వెలుగు మెత్తగా మొహాన పడుతుంది, వెనకాల ఇల్లు చీకటిగా ఉండి మొహం ఒక్కటే నిలుస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

వెలుతురును చూడటం నేర్చిన కన్ను ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి సినిమా ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్రా కంటే మంచి సాక్ష్యం దొరకదు. 1952లో సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' మొదలుపెట్టేనాటికి మిత్రా సినిమా కెమెరా పట్టి ఎరగడు. ఫొటోలు తీసే అలవాటు మాత్రం ఉంది. 1956లో వచ్చిన 'అపరాజితో' కోసం కాశీలోని ఇంటి మండువాను స్టూడియోలో సెట్‌గా వేయాల్సి వచ్చింది. నిజమైన మండువాలో వెలుగు పైనున్న ఆకాశం నుంచి నీడలు లేకుండా దిగుతుంది. అది గమనించి ఉన్నాడు కాబట్టే సెట్ పైన తెల్లగుడ్డ కట్టించి, కింది దీపాల వెలుగును దానికి కొట్టించి దించాడు. మన 'మాయాబజార్'లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే చూపిన వెన్నెల కూడా అలా గమనించి కల్పించిందే. ఇద్దరి చేతుల్లోనూ ఉన్న కెమెరాలకు ఆ ఊహ తెలియదు.

ఇక ఎంచుకోవడం. దీన్ని మనం దాదాపు వదిలేశాం. ఒక్క పుట్టినరోజుకు 300 ఫొటోలు తీసి, అన్నిటినీ వాట్సాప్ గ్రూపులోకి నెట్టేస్తాం. నిల్వకు ఖర్చు లేనప్పుడు ఎక్కువ తీస్తే నష్టమేమిటని అడుగుతారు. తీయడంలో నష్టం లేదు, తిరిగి చూడకపోవడంలోనే ఉంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ గ్యారీ వినోగ్రాండ్ ఎడాపెడా తీసేవాడు. 1984లో చనిపోయేనాటికి కడగని రోల్సే దాదాపు 2,500 మిగిలాయి. అంతటివాడు తీసిన ఫిల్మును వెంటనే చూసేవాడు కాదు. తీసినప్పటి ఉత్సాహం చల్లారితే గాని ఫొటో బాగుందో లేదో తెలియదని ఆయన నమ్మకం. కొత్తవాళ్లకు ఇది ఎంతో పనికొచ్చే అలవాటు. ఆ పనీ ఫోనే చేస్తోందిగా, బాగున్నవాటిని తనే ఏరి చూపిస్తోందిగా అంటారేమో. మసక లేనిది, కళ్లు తెరిచినది, నవ్వుతున్నది ఏరగలదు. పెళ్లిలో అప్పగింతల వేళ కూతురి చేయి వదలలేక మొహం పక్కకు తిప్పుకున్న తండ్రి ఫొటోని అది పక్కన పడేయవచ్చు. ఆ ఇంటివాళ్లు ఇరవై ఏళ్ల తర్వాత వెతుక్కునేది దాన్నే.

పరికరాల సంగతి ఇంత తేలికా అంటే, కాదు. నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతుల్ని దగ్గరగా చూపాలంటే పొడవాటి లెన్సు కావాలి. ఆ పక్షుల గూళ్ల దగ్గరికి మనం వెళ్లకూడదు కూడా. ఫ్లడ్‌లైట్ల కింద కబడ్డీ తీయాలన్నా మంచి కెమెరా కావాల్సిందే. కానీ ఆ అవసరం ఎదురుపడ్డాక కొనేవాడికి ఏం కొనాలో తెలిసి ఉంటుంది. అపర్చర్, షట్టర్ లెక్కలు కూడా అంతే. కొన్ని పూటలు కూర్చుంటే మౌలిక సూత్రాలు బోధపడతాయి. యంత్రం పొరబడే చోటు తెలిస్తే అవి అక్కరకొస్తాయి. తెల్లగా విచ్చిన పత్తిచేనును ఫ్రేము నిండా తీస్తే కెమెరా దాన్ని బూడిదరంగుకు దించుతుంది, వెలుగు ఒక మెట్టు పెంచాలి. నల్లమేకల మందకు తగ్గించాలి.

ఉద్యోగం, ఇల్లు చూసుకునేవాళ్లకు తీరికేదన్నది న్యాయమైన ప్రశ్న. అందుకే దూరప్రయాణాలు వద్దంటాను. మీ ఇంటి గుమ్మమో, వీధి చివర టీ బండో ఒక్కటి చాలు. ఒకే చోటికి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం వీలైనప్పుడల్లా వెళ్లండి. పాత ఫిల్ము రోల్‌లాగా వారానికి 36కి మించకుండా తీయండి. వారం ఆగి చూసి ఒక్కటే ఉంచుకోండి, అదే ఎందుకో ఒక్క వాక్యం రాసుకోండి. ఏడాదికి 52 అవుతాయి. వాటిని కాగితం మీద ప్రింట్ వేయించి, ఇంట్లో పెద్దవాళ్ల చేతికివ్వండి. మీరేమీ చెప్పకుండా, వాళ్లు ఏ ఫొటో దగ్గర ఆగుతున్నారో చూడండి.