పంపినా చేరని ఉత్తరం
సొంత మెయిల్ సర్వర్ నడిపే సంస్థలకు ఉత్తరం రాయడం తేలికే. అవతలి గడప దాటించడమే గగనమవుతోంది

సర్వర్ ‘పంపేశాను’ అంటుంది. అవతలి మనిషి ‘నాకు రాలేదు’ అంటాడు. విచిత్రమేమంటే ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడటం లేదు. జిల్లా కేంద్రంలోని ఇంజనీరింగ్ కళాశాల ఫీజు రశీదులు పంపుతుంది, సహకార బ్యాంకు సర్వసభ్య సమావేశం నోటీసులు పంపుతుంది, చిన్న ఎగుమతిదారు విదేశీ కొనుగోలుదారుకు ధరల పట్టిక పంపుతాడు. సొంత పేరు, సొంత సర్వర్, ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ లేదు. ఒక సోమవారం పొద్దున జీమెయిల్ చిరునామాలకు వెళ్లాల్సినవన్నీ ఎక్కడో ఆగిపోతాయి. ఫోన్లు మొదలవుతాయి. కంప్యూటర్ గదిలోని కుర్రాడు తన ఆఫీసు చిరునామాకు తానే ఒక మెయిల్ పంపి చూసుకుంటాడు. అది క్షణంలో వచ్చేస్తుంది. ‘మన వైపు అంతా బాగానే ఉంది సార్’ అని పై అధికారికి చెప్పేస్తాడు.

తప్పు అక్కడే మొదలవుతుంది. ఆ పరీక్ష మెయిల్ సర్వర్ ప్రహరీ దాటనే లేదు. ఇంట్లోవాళ్లతో మాట్లాడి ఫోన్ లైన్ పనిచేస్తోందని తేల్చేయడం లాంటిదే ఇది.

చూడాల్సింది లాగ్ ఫైలు. మెయిల్ ప్రయాణమంటే నిజానికి రెండు సర్వర్ల మధ్య సంభాషణ. ఇవతలిది అడుగుతుంది, అవతలిది మూడంకెల సంఖ్యతో జవాబిస్తుంది. ఆ జవాబు లాగ్‌లో ఒక వరుసగా పడి ఉంటుంది. 2తో మొదలైతే స్వీకరించినట్టు. 4తో మొదలైతే ‘ఇప్పుడు కాదు, మళ్లీ రా’ అని. 5తో మొదలైతే ‘రావద్దు’ అని. ఈ మూడింటిలో మనుషుల్ని ఎక్కువగా మోసం చేసేది 4. సర్వర్ ఆ ఉత్తరాన్ని క్యూలో పెట్టి మళ్లీ మళ్లీ తలుపు తడుతూ ఉంటుంది. కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నించాలని ప్రమాణాలే చెబుతున్నాయి. విస్తృతంగా వాడే పోస్ట్‌ఫిక్స్‌లో మామూలు గడువు 5 రోజులు. ఆలస్యం గురించి హెచ్చరిక పంపమని విడిగా చెబితే తప్ప ఈలోగా పంపినవారికి కబురు రాదు. 5 రోజుల తర్వాత వచ్చే ‘చేరలేదు’ అన్న సమాచారం చేతికందే సరికి టెండరు గడువు ముగిసిపోయి ఉంటుంది.

అంకె పక్కనే కారణం కూడా రాసి ఉంటుంది. పెద్ద సంస్థలైతే వివరాలు ఎక్కడ చదవాలో చిరునామా కూడా ఇస్తాయి. అయినా చాలా ఆఫీసుల్లో ఆ వాక్యాన్ని ఎవరూ చదవరు. ముందు సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తారు. మన దేశంలో సర్వరోగ నివారిణి అదే. మరి జవాబే రాకపోతే? అనుసంధానం కుదరక సమయం మించిపోతోందని లాగ్ చెబుతుంటే అనుమానించాల్సింది 25వ నంబరు పోర్టును. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ద్వారం అదే. అద్దె సర్వర్లు స్పామ్‌కు అడ్డాలు కాకుండా అమెజాన్, గూగుల్ క్లౌడ్‌లు బయటికి వెళ్లే ఆ ద్వారాన్ని మొదట్నుంచే మూసి ఉంచుతాయి. ఆఫీసు గదిలోని పాత యంత్రాన్ని క్లౌడ్‌కు మార్చిన మర్నాడే మెయిళ్లు ఆగిపోయాయంటే కారణం దాదాపుగా ఇదే. అప్పుడు 587వ పోర్టు గుండా మరో సంస్థ రిలే ద్వారా పంపుకోవడం ఒక దారి.

ఇంత అనుమానం ఎందుకు? జోనాథన్ పోస్టెల్ 1982లో ఎస్‌ఎంటీపీ ప్రమాణాన్ని రాసినప్పుడు నెట్‌వర్క్‌లో ఉన్నవారంతా దాదాపు ఒకరికొకరు తెలిసినవాళ్లే. పోస్టుకార్డు మీద పంపేవారి పేరు ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు కదా, ఇదీ అంతే. అడిగేవారు లేరు. 1978లోనే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ దాదాపు 400 మందికి ఒకేసారి ప్రకటన పంపి చీవాట్లు తిన్నారు. ఆ తర్వాతి కథ అందరి ఇన్‌బాక్సుల్లోనూ ఉంది. చట్టం కదలకపోవడంతో వాడుకదారులే కాపలాకు దిగారు. స్టీవ్ లిన్‌ఫోర్డ్ 1998లో స్థాపించిన స్పామ్‌హాస్ స్పామ్ పంపే ఐపీ చిరునామాల జాబితాలు తయారుచేసింది. జాబితాకెక్కిన ఒక అమెరికన్ కంపెనీ కోర్టుకెళ్తే 2006లో 1.17 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలని తీర్పు వచ్చింది. అప్పీళ్లలో నలిగి నలిగి 2011 నాటికి ఆ మొత్తం 3 డాలర్లకు దిగింది. అక్షరాలా మూడు.

ఈ జాబితాల్లోకి ఎక్కడానికి నేరం చేయనక్కర్లేదు. ఇంటి బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ల ఐపీలను నేరుగా మెయిల్ పంపకూడనివిగా ముందే గుర్తించే జాబితా ఒకటుంది. చవక హోస్టింగ్‌లో ఒకే ఐపీని వందల మంది పంచుకుంటారు. పక్కింటాయన లాటరీ మెయిళ్లు పంపితే మీ రశీదులూ ఆగిపోతాయి. ఇది సామూహిక శిక్షే, అన్యాయమే. కానీ ఎక్కువసార్లు జరిగేది అది కాదు. అకౌంట్స్ విభాగంలో ఎవరో పేరు పక్కన 123 తగిలించి పాస్‌వర్డ్ పెట్టుకుంటారు. దాన్ని పట్టుకున్నవారు రాత్రికి రాత్రి వేల మెయిళ్లు పంపేస్తారు. పొద్దున క్యూలో ముక్కూమొహం తెలియని చిరునామాలు కుప్పలుగా కనిపిస్తే రోగం ఇదేనని తెలుసుకోవాలి. ముందు ఆ ఖాతాను మూసి, క్యూను ఖాళీ చేసి, ఆ తర్వాతే పేరు తొలగించమని జాబితావారిని అడగాలి. ఈ క్రమం తప్పితే మర్నాడు మళ్లీ ఎక్కేస్తారు. రెండోసారి అడిగితే వినేవారు తక్కువ.

ఇక కాగితాలు. ఐపీ నుంచి పేరుకు దారి చూపే పీటీఆర్ రికార్డును ఐపీ ఇచ్చిన కంపెనీయే పెట్టాలి, డొమైన్ అమ్మినవారు కాదు. ఇది తెలియక తిరిగేవారు చాలామంది. ఎస్‌పీఎఫ్ అంటే మా తరఫున ఫలానా యంత్రాలే ఉత్తరాలు పంపుతాయన్న బహిరంగ ప్రకటన. డీకిమ్ అంటే ఉత్తరం మీద లక్క ముద్ర. ఈ రెండూ పొసగకపోతే ఏం చేయాలో చెప్పేది డీమార్క్. వీటిలో అత్యంత సాధారణమైన పొరపాటు హాస్యాస్పదంగా ఉంటుంది. న్యూస్‌లెటర్ పంపే కంపెనీని కొత్తగా పెట్టుకున్నప్పుడు వాళ్లిచ్చిన ఎస్‌పీఎఫ్ వాక్యాన్ని పాతదాని కింద ఇంకొకటిగా చేరుస్తారు. ఒక పేరుకు రెండు ప్రకటనలుంటే రెండూ చెల్లవు. ఒకే దాంట్లో కలిపి రాయాలి. అందులోనూ 10కి మించి డీఎన్ఎస్ వెతుకులాటలు కూడదు. మరో చిక్కు, యంత్రానికి ఐపీవీ6 చిరునామా కూడా ఉండి దానికి పీటీఆర్ లేకపోవడం. అప్పుడు అన్ని చోట్లకూ వెళ్లే మెయిల్ జీమెయిల్‌కు మాత్రం వెళ్లదు.

ఇవి ఒకప్పుడు ఉంటే మంచిదన్న స్థాయి సలహాలు. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ వీటిని తప్పనిసరి చేసింది. యాహూ కూడా అదే బాట పట్టింది. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదు. 2025 మేలో మైక్రోసాఫ్ట్ కూడా తన అవుట్‌లుక్ వాడుకదారుల కోసం ఇలాంటి నిబంధనలే తెచ్చింది. ఏ పార్లమెంటూ చర్చించని ఈ నియమాలే ఇవాళ ఈ-మెయిల్‌కు ఆచరణలో చట్టం. అమెరికా 2003లో స్పామ్ మీద చట్టం చేసింది. భారత్ చేయలేదు. పంపినవారెవరో తప్పుదారి పట్టించే మెయిళ్లను నేరంగా పేర్కొన్న ఒక వాక్యం ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌లో ఉండేది. భావప్రకటనా స్వేచ్ఛకు భంగకరమంటూ 2015 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను మొత్తంగా కొట్టేసింది. అది సరైన తీర్పే. కానీ దాంతోపాటు పోయిన ఆ ఒక్క ముక్క స్థానంలో మరొకటి రాయాలని ఢిల్లీలో ఎవరికీ తోచలేదు.

అవతలి సర్వర్ 250 అని ఒప్పుకుని కూడా ఉత్తరాన్ని స్పామ్ ఫోల్డర్‌లో పడేస్తే చిక్కు మరింత ముదురుతుంది. ఐటీ చట్టం 13వ సెక్షన్ ప్రకారం, గ్రహీత ఫలానా చోటికి పంపమని చెప్పి ఉంటే, సందేశం ఆ కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రవేశించిన క్షణమే అందినట్టు లెక్క. స్పామ్ ఫోల్డర్ అన్న మాటే అందులో లేదు. వాణిజ్య వివాదాల్లో మామూలు పద్ధతికి తోడు ఈ-మెయిల్‌లోనూ నోటీసులు పంపాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అంటే చూడని నోటీసు కూడా అందిన నోటీసే కావచ్చు. మరోవైపు 550 అని తిరస్కారం వస్తే, ఉత్తరం రాసిన సంస్థ ఎంత ప్రమాణం చేసినా అది అవతలి గడప తొక్కనట్టే.

వివాదం వస్తే తేల్చేది మళ్లీ ఆ లాగ్ వరుసే. సమయం, క్యూ నంబరు, అవతలి సర్వర్ ఇచ్చిన జవాబు అన్నీ అందులో ఉంటాయి. లాగ్‌లను కనీసం 180 రోజులు దాచాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. కానీ చాలా లినక్స్ సర్వర్లు మార్చకుండా వదిలేసిన అమరికలో వారానికో ఫైలు చొప్పున నాలుగు వారాలు ఉంచుకుని మిగతావి చెరిపేస్తాయి. విద్యార్థి తండ్రో, ఓడిపోయిన టెండరుదారో రెండో నెలలో వచ్చి నిలదీసే సరికి కంప్యూటర్ గదిలో చూపించడానికి ఏమీ మిగలదు.