పేరుకే తాత్కాలికం

కొల్లూరు: పని కాగానే పోవలసిన ఫైళ్ళు నెలల తరబడి కంప్యూటరులోనే పడి ఉండడం నెట్ సెంటర్లలో మామూలైపోయింది. అవి సినిమా పాటలైతే ఎవరికీ పట్టింపు ఉండదు. ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు, పట్టా కాగితాలు, ఆడపిల్లల ఫోటోలు గనుకనే ఈ సంగతి అడగవలసి వస్తున్నది.

రామచంద్రాపురం మండలంలోని కొల్లూరులో 2023 జూన్ 22న 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు ప్రారంభోత్సవం జరిగింది. కొత్త ఇంటికి వచ్చిన వారికి చిరునామా మార్పు, గ్యాసు, రేషను, పిల్లల బడి, అన్నింటికీ కాగితాలే. పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలకు పనికోసం వచ్చిన కార్మికులదీ అదే అవస్థ. ఇంట్లో ప్రింటరు ఉన్నవారెందరు? అందరూ వీధి చివరి దుకాణానికే పోతారు. ఓటీపీ చెబుతారు, కాగితం తీసుకుంటారు, డబ్బులిచ్చి వస్తారు. ఫైలు మాత్రం 'డౌన్‌లోడ్స్'లో ఉండిపోతుంది. స్కాన్ చేసినదాని ప్రతి మరో ఫోల్డరులో ఉంటుంది. ప్రోగ్రాములు తమ అవసరానికి రాసుకున్న ముక్కలు 'టెంప్' అనే డైరెక్టరీలో పేరుకుంటాయి.

ఈ-ఆధార్‌కు తాళం ఉన్నది గదా అని కొందరి ధీమా. పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, ఇదే ఆ తాళంచెవి. పేరు, పుట్టిన తేదీ అదే బల్లమీద చెప్పి వచ్చినవే. 'ఇన్‌కాగ్నిటో'లో తెరిచామన్న మాటా పనికిరాదు. చూసిన పేజీల జాబితా పోతుందేగాని దింపిన ఫైలు పోదు. డిలీట్ నొక్కితే అది రీసైకిల్ బిన్‌లోకి చేరుతుంది. చెత్తబుట్టలో వేసి బుట్టను ఇంట్లోనే ఉంచుకున్నట్లు!

యూఐడీఏఐ బెంగుళూరు కార్యాలయం 2022 మే 27న ఒక ప్రకటన చేసింది. నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ దింపవద్దని, తప్పనిసరి అయితే ప్రతులన్నీ శాశ్వతంగా తొలగించాలని అందులో చెప్పారు. జనం అపార్థం చేసుకోవచ్చునంటూ రెండు రోజులకే, మే 29న, కేంద్రం దానిని ఉపసంహరించింది. వెళ్ళవద్దనడం తేలికే, వెళ్ళకపోతే పని కాదు. అందులోని రెండవ మాట మాత్రం ఉంచదగినదే. కాని తొలగించే భారాన్ని మౌసు పట్టడం రాని ముసలమ్మ మీద వేయడం న్యాయం కాదు. యంత్రం ఎవరిదో పని వారిదే.

దుకాణదారుల వాదన కూడా వినవలసిందే. మళ్ళీ వచ్చే నెల అదే కాగితం అడుగుతారని ఉంచుతామంటారు. అడిగిన వారి ఫోనుకు పంపి ఇక్కడ తీసివేస్తే సరిపోతుంది. పైగా సి-డ్రైవు నిండితే యంత్రం మొరాయిస్తుంది, సగం అప్లికేషనులో ఆగిపోతుంది. శుభ్రం చేయడం వారికీ లాభమే.

ఖర్చు కూడా లేదు. విండోస్‌లోని 'స్టోరేజ్ సెన్స్' టెంప్ ఫైళ్ళను తానే తుడుస్తుంది. డౌన్‌లోడ్స్‌ను మాత్రం మనం చెబితే తప్ప ముట్టదు, అసలు చిక్కు అక్కడే ఉన్నది. రీస్టార్టు చేయగానే యంత్రాన్ని మొదటి స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేరులూ ఉన్నవి. ఇవేవీ వద్దనుకుంటే, రాత్రి షట్టరు దించేముందు డౌన్‌లోడ్స్, స్కాన్ ఫోల్డరు, టెంప్, చివరగా రీసైకిల్ బిన్ ఖాళీ చేయడానికి అయిదు నిమిషాలు చాలు. పూర్తికాని దరఖాస్తుల ఫైళ్ళను ముందుగా విడిగా పెట్టుకోవాలి, లేకుంటే తెల్లవారి గొడవే.

పని తీరిన సమాచారాన్ని చెరిపివేయాలన్న సూత్రం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఉన్నది. ఫ్యాక్టరీల వ్యర్థం ఎటు పోతున్నదని అడగడం నక్కవాగు ఒడ్డు పల్లెలకు అలవాటే. ఈ వ్యర్థం సంగతీ అడగాలి. మీసేవ కేంద్రాల తనిఖీకి వచ్చే అధికారులు రిజిస్టరుతోపాటు డౌన్‌లోడ్స్ ఫోల్డరును కూడా తెరిపించి చూడాలి. ప్రయివేటు దుకాణాలను వారు తనిఖీ చేయరు గనుక అక్కడ అడగవలసింది వినియోగదారులే. రుసుముల పట్టిక కట్టే గోడమీదనే 'మీ ఫైలు మీ ఎదుటనే తీసివేయబడును' అని ఒక పంక్తి రాయించడం జిల్లా యంత్రాంగానికి కష్టమైన పని కాదు.