డబుల్స్‌లో సాయం ఉండదు

"మీవారు ఇంటిపనిలో బాగా సాయం చేస్తారటగా, అదృష్టవంతురాలివి!" అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు మిసాకి మత్సుతోమో గుర్తొస్తుంది. ఎవరీవిడ అంటారా? జపాన్ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి. డబుల్స్ ఆడేది.

2016 రియో ఒలింపిక్స్ అనగానే మనకు సింధు వెండి పతకమే కళ్ళ ముందుంటుంది. ఆ ఫైనల్‌కి సరిగ్గా ముందు రోజు, ఆగస్టు 18న, మహిళల డబుల్స్ ఫైనల్ జరిగింది. మత్సుతోమో, ఆమె జోడీ అయాకా తకహాషి కలిసి డెన్మార్క్ జంటతో ఆడారు. గ్రూపు దశలో మన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్పలను ఓడించింది కూడా వీళ్ళే. ఫైనల్లో మొదటి గేమ్ 18-21తో పోయింది, రెండోది 21-9తో వచ్చింది. మూడో గేమ్‌లో 16-19తో వెనకబడ్డారు. ఇంకో రెండు పాయింట్లు పోతే అంతా పోయినట్టే. అలాంటి చోట వరసగా ఐదు పాయింట్లు తెచ్చుకుని 21-19తో గెలిచారు. బ్యాడ్మింటన్‌లో జపాన్‌కి అదే మొదటి ఒలింపిక్ స్వర్ణం.

ఆ ఐదు పాయింట్లలో ఎవరివెన్ని? స్కోరుబోర్డు చెప్పదు. అక్కడ ఇద్దరికీ కలిపి ఒకటే అంకె.

వాళ్ళ ఆటలో ఎక్కువగా తకహాషి వెనకనుంచి స్మాష్ కొడుతుంది, మత్సుతోమో నెట్ దగ్గర ఉంటుంది. చూసేవాళ్ళ చప్పట్లు స్మాష్‌కే. కానీ నెట్ దగ్గర మత్సుతోమో షటిల్‌ని నేర్పుగా పెట్టి, అవతలివాళ్ళు పైకి లేపక తప్పని పరిస్థితి తెస్తేనే ఆ స్మాష్ పడుతుంది. ఆదివారం మావారు చికెన్ వండితే ఇంటిల్లిపాదీ లొట్టలేస్తారు. ఉల్లిపాయలు తరిగిందీ, అల్లంవెల్లుల్లి నూరిందీ, తర్వాత గిన్నెలు తోమిందీ ఎవరో ఎవరూ అడగరు. అది నెట్ దగ్గరి ఆట.

వాళ్ళిద్దరూ సెందాయ్‌లో ఒకే హైస్కూల్లో చదివారు. మత్సుతోమో ఒక తరగతి చిన్న. అప్పటినుంచే జోడీ. 2014లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. ఇంటిపేర్ల మొదటి భాగాలు కలిపి వాళ్ళ దేశంలో ఈ జంటను 'తకమత్సు' అని పిలిచేవారు. తెలుగు బి.ఏ. చదివినదాన్ని కదా, ఆ పేరు వినగానే నాకు ద్వంద్వ సమాసం తట్టింది. రెండు పదాలకూ సమానమైన ప్రాధాన్యం. మన 'ఆలుమగలు' కూడా ద్వంద్వ సమాసమే. వ్యాకరణంలో సమానంగా ఉన్నవాళ్ళు వంటింటి గడప దగ్గరికొచ్చేసరికి ఒకరు పని చేసేవారూ, ఇంకొకరు 'సాయం' చేసేవారూ ఎలా అయ్యారు? తకహాషి మత్సుతోమోకి సాయం చేసింది అని ఎవరైనా అంటారా? ఆట ఇద్దరిదీ అయినప్పుడు ఆ మాటకు చోటే లేదు.

మగవాళ్ళు బయట కష్టపడుతున్నారు కదా అని కొందరు అడగచ్చు. నిజమే, పడుతున్నారు. డబుల్స్‌లోనూ ఇద్దరూ ఒకే పని చెయ్యరు. కానీ ఒకరు షటిల్ కోసం పక్కకి వెళ్ళిపోతే ఖాళీ అయిన చోటుకి రెండోవాళ్ళు పిలవకుండానే వస్తారు. అది నీ చోటు, నాది కాదు అనుకుంటే పాయింటు పోతుంది.

తర్వాత జరిగింది నాకింకా ముఖ్యం. కోవిడ్ వల్ల టోక్యో ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడ్డాయి. ఇంకో ఏడాది అదే పట్టుదలతో ఆడటం తనవల్ల కాదని తకహాషి 2020 ఆగస్టులో ముప్ఫై ఏళ్ళకే ఆట మానేసింది. మత్సుతోమోకి అప్పుడు 28. ఆమె యూకి కనెకోతో మిక్స్‌డ్ డబుల్స్‌లో దిగింది. కొత్త జోడీ, కొత్త అలవాట్లు, ఎదురుగా మగవాళ్ళ స్మాష్‌లు. 2021 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్ దాకా వెళ్ళింది. ఓడిపోయింది, అది వేరే సంగతి. ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మనిషి మళ్ళీ మొదటినుంచి నేర్చుకోడానికి నామోషీ పడలేదు.

మన ఇళ్ళలో "ఇక నావల్ల కాదు" అనే హక్కు గృహిణికి లేదు. ఉద్యోగానికి రిటైర్మెంట్ ఉంది, వంటింటికి లేదు. ఆవిడ జ్వరంతో పడుకున్న రోజే ఆయనకు కందిపప్పు డబ్బా ఎక్కడుందో తెలియదని బయటపడుతుంది. అరవై దాటాక భార్య పోయిన మగవాళ్ళు కాఫీ కోసం కోడలి మొహం చూస్తూ కూర్చోవడం మనందరం చూస్తున్నదే. అది వాళ్ళకూ నరకమే.

అందుకే పెద్దవాళ్ళమయ్యేదాకా ఆగకుండా, ఇద్దరికీ ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే చోట్లు మార్చుకుని ఆడటం అలవాటు చేసుకోవాలంటాను. కొడుకులకైతే ఇప్పటినుంచే. మావాడికి ఈ సెలవుల్లో అన్నం వార్చడం నేర్పుతున్నాను. మొదటి రోజు మెతుకులన్నీ సింకులోకి పోయాయి. మావారికి పోపు నేర్పడం మాత్రం వాడి వంతు అని చెప్పేశాను.