దిగకముందే లోతు చూడాలి

హోసూరు, కోలారు, బళ్ళారి పల్లెల నుంచి పని వెతుక్కుంటూ బెంగళూరు బస్సెక్కే తెలుగు యువతకు ఎదురుపడుతున్న కొలువుల్లో మర్దన పని ఒకటి. ఆయుర్వేద కేంద్రాలు, ప్రకృతి చికిత్సాలయాలు, రిసార్టులు, స్పాలు 'థెరపిస్టులు కావలెను' అని బోర్డులు పెడుతున్నాయి. పెద్ద చదువు అక్కర్లేదు, కొద్ది నెలల శిక్షణ చాలు, తిండీ బసా కూడా ఇస్తామంటారు. వినడానికి బాగానే ఉంది. అది తనకు సరిపడే పనేనా అన్నది మాత్రం ఎవరికి వారు తేల్చుకోవాల్సిందే.

తెలుగునాట ఈ పని కొత్తదేం కాదు. బాలింతకు, పసిబిడ్డకు నూనె అంటి నలుగు పెట్టే చేతులు ప్రతి ఊళ్లోనూ ఉండేవి. తల అంటడం, ఒళ్లు పట్టడం క్షురక వృత్తివారికి తరతరాల విద్య. అప్పట్లో ఆ చేతులకు దక్కింది చిన్నచూపే. ఇప్పుడదే పని యూనిఫాం వేసుకుని వస్తే మోజు పడుతున్నారు. చిన్నచూపు ఎంత తప్పో, మోజూ అంతే తప్పు.

ముందు ఒళ్లు సహకరించాలి. ఒక్కో మర్దన ముప్పావుగంట నుంచి గంట. రోజుకు నలుగురైదుగురు వస్తే అంతసేపూ నిలబడి, వంగి చేయాల్సిందే. దెబ్బ ముందు బొటనవేళ్లకు, మణికట్టుకు, ఆపై నడుముకు తగులుతుంది. ఒంటి బరువును వాడుకోవడం, బల్ల ఎత్తు సరిచూసుకోవడం నేర్వనివారు త్వరగా అలిసిపోతారు. ఇప్పటికే నడుంనొప్పి ఉన్నవారు, నూనె తగిలితే చర్మం చిట్లేవారు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి.

తర్వాత మనసు. ముక్కూమొహం తెలియనివారిని, ముసలివారిని, రోగులను ఏవగింపు లేకుండా తాకగలగాలి. అదే సమయంలో హద్దు దాటినవారికి 'కుదరదు' అని చెప్పే ధైర్యం ఉండాలి. ఎప్పుడు చేయకూడదో తెలియడం మరీ ముఖ్యం. జ్వరం, పుండ్లు, ఎముక విరుగుడు ఉన్నప్పుడు చేయి వేయరాదు. కాలి సిరలో రక్తం గడ్డకట్టి వాచినప్పుడు పిసికితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ముప్పుంది. 'ముందు డాక్టరుకు చూపించండి' అని పంపించగలిగినవారే అసలైన పనివారు. ఫిజియోథెరపీ వేరే డిగ్రీ చదువు. ప్రకృతి వైద్య పట్టా బీఎన్‌వైఎస్‌కు ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు పడుతుంది. మూణ్నెల్ల సర్టిఫికెట్ వాటికి సాటి రాదు.

శిక్షణకు చేరేముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. సర్టిఫికెట్‌ను గుర్తించేదెవరు? చేత్తో చేయించే గంటలెన్ని? శరీర నిర్మాణం చెబుతారా? కిందటిసారి నేర్చుకున్నవారు ఇప్పుడెక్కడున్నారు? జవాబు నీళ్లు నమిలే చోట ఫీజు కట్టడం డబ్బు ఏట్లో పోసినట్టే.

ఇంట్లోవాళ్ల భయం, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో, ఉత్తది కాదు. స్పా ముసుగులో వేరే దందాలు చేసేవారున్నారు. వారివల్ల నిజాయతీగా పనిచేసేవారూ అనుమానాల పాలవుతున్నారు. నియామక పత్రం, ఈఎస్ఐ, పీఎఫ్ ఇచ్చేచోటే చేరాలి. అసలు సర్టిఫికెట్లు యజమాని చేతికివ్వకూడదు. పనిచోట లైంగిక వేధింపులపై 2013 చట్టం ప్రకారం పదిమంది ఉన్న ప్రతి సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అంతకన్నా చిన్న చోట్లవారికి జిల్లా స్థాయి కమిటీ ఉంది. ఈ సంగతి తెలిసి వెళ్లడమే సగం రక్ష.

సరిహద్దు తెలుగువారికి ఒక బలముంది. తెలుగుతోపాటు కన్నడమో తమిళమో వచ్చినవారు వచ్చినవారి నొప్పిని వారి భాషలోనే అడిగి తెలుసుకోగలరు. ఆ బలం అక్కరకు రావాలంటే ఉపాధి కార్యాలయాలు, నైపుణ్య శిక్షణ సంస్థలు ఈ మంచిచెడ్డలను తెలుగులోనూ చెప్పాలి. చేరాలనుకునేవారు ముందుగా ఒక మంచి కేంద్రంలో పూటంతా నిలబడి పని చూడాలి, ఇంట్లో పెద్దల కాళ్లు పట్టి వారంపాటు తమ చేతుల ఓపికను పరీక్షించుకోవాలి. అప్పటికీ ఇష్టం తగ్గకపోతే ఇది నిస్సంకోచంగా ఎంచుకోదగ్గ బతుకుతెరువే.