మా బిడియానికి మార్కులెన్ని?

ఇంటర్వ్యూకి వెళ్ళే పిల్లలకి మీరిచ్చే సలహాలు మాకు కంఠతా వచ్చు. అద్దం ముందు నిలబడి మాట్లాడు. కళ్ళలోకి చూడు. నవ్వుతూ ఉండు. బిడియపడకు. చెప్పేవాళ్ళు మంచివాళ్ళే, కాదనం. కాకపోతే బిడియమంటే పుట్టుకతో వచ్చిన గజ్జి అన్నట్టు, పసరు రాస్తే పోతుందన్నట్టు చెబుతారు. దాన్ని ఇంత చేసి పెంచిందెవరో మాత్రం అడగరు.

పెదకాకాని సంగతే తీసుకోండి. మల్లేశ్వరుడి గుడి ఉంది, బాజీబాబా దర్గా ఉంది. దర్గాకి అన్ని మతాలవాళ్ళూ వచ్చి మొక్కుతారని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. ఊరు దాటి విజయవాడ వైపు వెళ్తే నంబూరు పక్కన నాగార్జున యూనివర్సిటీ. 1976 సెప్టెంబర్ 11న దాన్ని ప్రారంభించింది రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్. ఒక సాయిబు తెరిచిన తలుపు! మిరపకాయలు కోయడానికి పోయే మా ఇళ్ళ నుంచి ఆ గేటు ఎంతో దూరం లేదు. ఏ యూనివర్సిటీలోనైనా గేటు నుంచి ఇంటర్వ్యూ బల్ల దాకా ఉన్న దూరమే మా కాళ్ళకి అందదు.

మా పిల్ల ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. అదీ పుస్తకాల ఉర్దూ కాదు, సగం తెలుగు కలిసిన మా గుంటూరు తురకం. హైదరాబాద్ వాళ్ళు వింటే నవ్వుతారు. బళ్ళో తెలుగు. అక్కడ 'ళ' పలక్కపోతే నవ్వుతారు. బల్ల ముందు ఇంగ్లీషు. మూడుచోట్ల నవ్వులపాలైన పిల్ల నోరు విప్పేముందు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడాన్నే మీరు బిడియం అంటారు. దూదేకుల పిల్లాడి తిప్పలు ఇంకో రకం. ఈ పత్తి నేలలో తరతరాలుగా దూది ఏకిన ఇంట్లో పుట్టాడు, ఇంట్లోనూ తెలుగే. ఉర్దూ రాని సాయిబేంట్రా అని మావాళ్ళే ఎగతాళి చేస్తారు. తెలుగు భలే మాట్లాడుతున్నావే అని మీరు మెచ్చుకుంటారు. అమ్మ దగ్గర నేర్చుకున్న భాష మాట్లాడితే మెచ్చుకోలా? ఆ మెచ్చుకోలు విన్నాక ఎవడికి గొంతు పెగులుతుంది?

ఇక ప్రశ్నలు. మీ నాన్న ఏం చేస్తాడు? మీవాళ్ళు ఆడపిల్లని ఇంతదాకా చదవనిచ్చారా? రేపు పెళ్ళి చేసేస్తే సీటు దండగ కాదూ? రసాయనశాస్త్రం చదవడానికొచ్చిన పిల్ల బుర్ఖా మీద అభిప్రాయం ఎందుకు చెప్పాలి? సబ్జెక్టులో తడుముకోకుండా జవాబు చెప్పిన పిల్ల, ఇంటి మీద వేసిన ఒక్క ప్రశ్నకి తల దించుకుంటుంది. కమ్యూనికేషన్ స్కిల్స్ లేవని రాసేసుకుంటారు.

ఇది మా ఏడుపేనని కొట్టిపారేయకండి. శ్రీనగర్ రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీలో రాతపరీక్షకి 100 మార్కులు, ఇంటర్వ్యూకి 50 పెట్టారు. మాతో మాట్లాడింది రెండు మూడు నిమిషాలే, అడిగింది తల్లిదండ్రుల గురించీ ఊరి గురించీ అని అభ్యర్థులు కోర్టుకెక్కారు. అజయ్ హాసియా కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలో 1980 నవంబర్లో సుప్రీంకోర్టు తేల్చింది: మొత్తం మార్కుల్లో ఇంటర్వ్యూకి 15 శాతం మించితే అది ఇష్టారాజ్యమే. ఇంటర్వ్యూని టేపు చేస్తే మంచిదని కూడా అంది.

మరి పరిశోధనకి? ఎంట్రన్స్ రాసి పీహెచ్‌డీకి వచ్చేవాళ్ళకి యూజీసీ 2022 నిబంధనలు ఇంటర్వ్యూకి 30 శాతం ఇచ్చాయి. జేఎన్‌యూలో అబ్దుల్ నాఫే కమిటీ 2016లో రాతమార్కుల్నీ వైవా మార్కుల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. వివక్ష జాడ కనబడుతోంది, వైవా మార్కులు తగ్గించండి అంది. తగ్గించారా? 2017 పీహెచ్‌డీ ప్రవేశాల్లో రాతపరీక్షని అర్హతకే పరిమితం చేసి మొత్తం బరువు వైవా మీదే వేశారు! 2007 చట్టంతో వచ్చిన 4 శాతం బీసీ-ఈ కోటా మాకు సీట్ల లెక్క మార్చింది. బల్ల వెనక కూర్చునేవాళ్ళని మార్చలేదు.

మనవాళ్ళతోనూ ఒక మాట ఉంది. షరం, హయా అంటూ ఆడపిల్ల గొంతు గడప దాటకుండా ఇరవయ్యేళ్ళు కాపలా కాస్తాం. ఇరవై ఒకటో ఏట, వెళ్ళి నలుగురు మగవాళ్ళ ముందు గడగడా మాట్లాడి రా బేటీ అంటాం. అది రాత్రికి రాత్రి ఎలా వస్తుంది? మగపిల్లాడు జమాత్‌లోనో బజార్లోనో నలుగురితో మాట్లాడటం నేర్చుకుంటాడు. ఆడపిల్లకి ఆ నలుగురూ లేరు. వారానికి ఒక పూట ఏ ఇంటి మిద్దె మీదైనా పదిమంది ఆడపిల్లల్ని కూర్చోబెట్టి, చదివింది పైకి చెప్పించండి. ముందు ఏ భాష నోటికి వస్తే అందులో చెప్పనివ్వండి. ఇంగ్లీషు తర్వాత. యూనివర్సిటీలో చదువుకునే ఆపా ఒకరు ఎదురు కూర్చుని ప్రశ్నలు వేస్తే చాలు.

బిడియపడే పిల్లలూ, మిమ్మల్ని గలగలా మాట్లాడే మనుషులుగా మారమనడం లేదు. ఏం పరిశోధన చేయాలనుకుంటున్నారో ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్ళండి. ప్రశ్న వినబడకపోతే మళ్ళీ అడగమనండి. తెలియనిదాన్ని తెలీదండీ అనండి. బీసీ-ఈ సర్టిఫికెట్ ఆఖరి రోజుదాకా ఆపకండి. ఇంటి గురించి, బుర్ఖా గురించి అడిగితే, 'సార్, నా సబ్జెక్టులో అడగండి' అనండి. ఈ ఒక్క వాక్యం మాత్రం వందసార్లు పైకి అని చూసుకోండి. గొంతు వణికితే వణకనివ్వండి.

బల్ల వెనక కూర్చునే సెక్యులర్ మిత్రులారా, ఇంటర్వ్యూకి 15 మించి వద్దని మీ కమిటీల్లో మీరెందుకు అడగరు? 1980లో టేపురికార్డరంటే ఖరీదైన వస్తువు. ఇప్పుడు అందరి జేబుల్లోనూ ఫోనుంది. తీసి బల్ల మీద పెట్టండి.