దాక్కునేది బంటు కాదు, ఊరు

చారిత్రక స్ట్రాటజీ గేముల్లో గెరిల్లా బంటుని తయారుచేసే పద్ధతి శుద్ధ తప్పు. ముందే చెప్పేస్తున్నా, తరవాత తిట్టుకోవచ్చు.

దాదాపు అన్నిట్లోనూ ఒకటే ఫార్ములా. తేలికపాటి కాల్బలం, కాస్త తక్కువ హెల్తు, కాస్త ఎక్కువ వేగం, పక్కన ఒక బటను. నొక్కితే మనిషి మసకబారిపోతాడు, శత్రువుకి కనబడడు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 3కి 2006లో వచ్చిన వార్‌చీఫ్స్‌లో ఈ స్టెల్త్ సరదా చూసే ఉంటారు. మన భాషలో చెప్పాలంటే ఇన్‌ఫాంట్రీ క్లాసుని ఇన్హెరిట్ చేసి, ఒక బూలియన్ తగిలించారు. ట్రూ అంటే గెరిల్లా, ఫాల్స్ అంటే మామూలు సిపాయి. అంతే, చరిత్ర అయిపోయింది :)

ఎక్కడో వియత్నాం దాకా వెళ్ళక్కర్లేదు, మా చిత్తూరు పక్కకే రండి. తిరుపతి నుంచి బెంగుళూరు బస్సెక్కి వారం వారం తిరిగే మనోళ్ళు ఎంతమంది! చిత్తూరు దాటగానే బంగారుపాళెం వస్తుంది. ఆ పాళెం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? కల్లూరు, పులిచెర్ల, పాకాల, మొగరాల, ఇప్పుడు బ్యాటరీ ఫ్యాక్టరీకి పేరుపడ్డ కరకంబాడి - ఇవన్నీ ఒకప్పుడు చిత్తూరు పాళేలు. ఒక్కో దానికి ఒక్కో పాళెగాడు, వాడి చేతికింద కొండలు, కనుమలు, కొన్ని ఊళ్ళు.

పాళెగాడి దగ్గర బ్యారక్స్ లేవు. అరవై బంగారు నాణేలు పెట్టి క్లిక్ చేస్తే బయటికొచ్చే సైన్యం లేదు. ఉన్నది బంట్లు. వాళ్ళకి జీతం బదులు మాన్యం భూమి. మామూలు రోజుల్లో సేద్యం, పిలుపొస్తే కత్తో తుపాకో పట్టుకుని కొండెక్కడం. ఊళ్ళకి కావలి కాసినందుకు పాళెగాడికి కావలి రుసుము. దొంగతనం జరిగితే సొమ్ము వెతికి ఇవ్వాలి, లేదా నష్టం కట్టాలి. ఇదీ ఏర్పాటు.

ఇప్పుడు చెప్పండి, ఈ బంటుకి స్టెల్త్ బటను ఎక్కడ పెడతారు? కుంఫిణీ పటాలం వచ్చేసరికి అతను మడక దున్నుతూ ఉంటాడు. కళ్ళెదురుగానే ఉంటాడు. కనబడకపోవడం వేరు, గుర్తుపట్టలేకపోవడం వేరు. మొదటిది మనిషి గుణం. రెండోది ఊరు ఇచ్చే రక్షణ. ఊళ్ళో ఒక్కడు వేలు చూపించాడంటే అయిపోయింది. గేముల్లో ఈ రెండోది లేనే లేదు.

మ్యాపు సంగతి చూడండి. 1740 మే నెలలో మరాఠాలు ఆర్కాటు మీదికి వచ్చారు. నవాబు దోస్త్ అలీ దామలచెరువు కనుమకి అడ్డంగా సైన్యంతో కాచుక్కూర్చున్నాడు. మరాఠాలు ఆ కనుమకి ఎదురుగా పోకుండా ఇంకో దారిలో కొండలు దాటి వెనకనుంచి పడ్డారు. నవాబు అక్కడే చచ్చిపోయాడు. ఇప్పుడు మామిడికాయల మండీకి పేరున్న ఊరు, ఆ రోజు కర్ణాటక రాజకీయాన్నే తలకిందులు చేసింది. ఎవడూ మాయం కాలేదు. దారి తెలిసిందంతే. గేములో ఫాగ్ ఆఫ్ వార్ ఇద్దరికీ సమానంగా నల్లగా ఉంటుంది. నిజంలో అక్కడ పుట్టినవాడికి మ్యాపు ముందే తెరిచి ఉంటుంది.

ఇక తిండి సంగతి. 1781 సెప్టెంబరులో మన సరిహద్దు పక్కనున్న షోళింగర్ దగ్గర ఐర్ కూట్ హైదర్ అలీని ఓడించాడు. గేము అయితే అక్కడ విక్టరీ అని పడుతుంది. నిజంలో ఏమయింది? గెలిచిన సైన్యానికి బియ్యం లేదు, బండ్లకి ఎద్దుల్లేవు. హైదర్ గుర్రప్పౌజు చుట్టుపక్కల సీమనంతా గుల్లచేసి పెట్టింది. తిండి కోసం కూట్ పాళేల సీమలోకి, అంటే కాళహస్తి, వెంకటగిరి, బొమ్మరాజు పాళెగాళ్ళ అడవుల వైపు పోవాల్సి వచ్చింది. యుద్ధం గెలిచి గింజల కోసం పాళెగాడి గుమ్మం తొక్కాడు!

కుంఫిణీ వాళ్ళకి ఈ పాఠం బాగా అర్థమైంది. 1801లో కర్ణాటక పరిపాలన చేతికొచ్చాక వాళ్ళు స్టెల్త్‌ని కనిపెట్టే యూనిట్ ఏదీ తయారుచేయలేదు. వ్యవస్థ మీద కొట్టారు. 1802లో మద్రాసు ప్రెసిడెన్సీకి దరోగాల పోలీసు పద్ధతి తెచ్చారు. కావలి పాళెగాడి చేతిలోంచి జారిపోతే ఊరికీ బంటుకీ మధ్య ముడి తెగుతుంది. చిత్తూరు పాళెగాళ్ళు తిరగబడ్డారు, 1804-05లో సైన్యం దిగి అణిచేసింది. తరవాతి రికార్డుల్లో ఈ పాళేలు బుద్ధిగా పేష్కషు కట్టే చిన్న ఎస్టేట్లు. ఆ పక్క సీడెడ్ జిల్లాల్లో మన్రో 80 మంది పాళెగాళ్ళతో చేసింది కూడా ఇంచుమించు ఇదే.

దాదాపు నూట ఇరవై ఏళ్ళకి మన్యంలో అల్లూరి 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు కొట్టాడు. మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగినా 1924 మే దాకా సాగింది. మాయమయ్యే విద్యతోనా? ఊళ్ళు అన్నం పెట్టి, నోరు మూసుకుని కూర్చోబట్టి.

"గేము సరదాకి బాసూ, ఇవన్నీ పెడితే ఎవడాడతాడు" అంటారా? 2003లోనే రైజ్ ఆఫ్ నేషన్స్ ఆడారు కదా. అందులో పరాయి సరిహద్దులో అడుగుపెట్టిన సైన్యం అరిగిపోతూ ఉంటుంది, పక్కన సరఫరా బండి లేకపోతే చచ్చిపోతుంది. నేలే శత్రువుని తింటుంది. ఆ ఒక్క అట్రిషన్ రూలు మా పాళెగాడికి ఏ స్టెల్త్ యూనిట్ కన్నా దగ్గరగా ఉంది. ఆట కూడా బ్రహ్మాండంగా ఉంది.

కాబట్టి నా డిజైన్ ఇది. ఫ్లాగు బంటులోంచి తీసి ఊరికి పెట్టండి. ప్రతి ఊరికీ ఒక నమ్మకం విలువ. అది ఎక్కువుంటే దరిదాపుల్లో బంటు రైతులా కనబడతాడు. శత్రువు రోడ్డు వేస్తే, అడవి నరికితే, కావలి హక్కు కొనేస్తే అది తగ్గుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, మనమే గింజలు అతిగా లాగినా తగ్గుతుంది. పాళెగాళ్ళు దేవుళ్ళేం కాదు. పక్క ఊళ్ళు దోచినవాళ్ళున్నారు, రైతుని పిండినవాళ్ళున్నారు. అలాంటివాణ్ణి ఊరు పట్టిస్తుంది. పట్టించాలి కూడా. బూలియన్‌తో ఈ న్యాయం కుదరదు.

ఇంత గొంతు చించుకోవడం ఎందుకంటే, ఆ బటను వెనక ఒక కథ ఉంది. పాళెగాళ్ళ గురించి మనకి దొరికే కాగితాల్లో ఎక్కువ భాగం వాళ్ళని అణిచిన కలెక్టర్లు రాసినవి. వాటిలో ఇతను దొంగ, పొదచాటున నక్కేవాడు. ఊరు లేదు, మాన్యం లేదు, కావలి లేదు. స్టెల్త్ బటను ఆ ఉత్తరాల్ని సి ప్లస్ ప్లస్‌లోకి మార్చి రాసినట్టుంటుంది. ఆడే పిల్లవాడికి ఊరు ఒక వనరు, బంటు ఒక దొంగచాటు మనిషి అనే మిగులుతుంది.

మనవాళ్ళ కోరికలు చూస్తే ఇంకా నీరసం. 2022లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కి డైనాస్టీస్ ఆఫ్ ఇండియా వచ్చింది. దక్షిణాదంతా కలిపి ద్రవిడియన్స్ అన్నారు, ఉరుమి కత్తివాణ్ణిచ్చారు, రాజేంద్ర చోళుడి క్యాంపెయిన్ ఇచ్చారు. దానికి మన జవాబేంటి? మాకూ ఒక రాయలు కావాలి, మాకూ ఏనుగులు కావాలి అని. ఏనుగులు ఎవరైనా ఇస్తారండీ. బంగారుపాళెం బంటుని మనం తప్ప ఎవరూ రాయరు.

కోడు రాయడం మన బతుకుతెరువు. జీరో ఏడీ ఓపెన్ సోర్సు, దించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. దామలచెరువు కనుమ, మొగిలి ఘాటు మ్యాపులు నేను గీస్తాను. ఊరి నమ్మకం లాజిక్ రాయడానికి ఇద్దరు ముందుకు రండి. ఏనుగులు వద్దు.