పిల్లికి ఇన్సులిన్ – మితిమీరిన మమకారమేనా?

"మనుషులకే మందులకు దిక్కులేని చోట పిల్లికి ఇన్సులినా మాస్టారూ?" – గత ఏడాదిన్నరగా ఈ ప్రశ్న వినని వారం లేదు. అడిగేవారిలో బంధువులున్నారు, పూర్వ విద్యార్థులున్నారు, మందుల దుకాణంలో సిరంజిలు అందించే కుర్రవాడూ ఉన్నాడు. మా యింట 11 ఏళ్ళ గండుపిల్లికి మధుమేహం. పూటకొకటి చొప్పున, 12 గంటల ఎడంతో, నేనో నా శ్రీమతో దానికి సూది వేస్తున్నాము. దారిలో నిలబెట్టి అడిగినవారికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కుదరదు గనుక, తోచిన నాలుగు మాటలు ఈ టపాలో వ్రాసి పెడుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పశువైద్యుని పర్యవేక్షణలో పిల్లి మధుమేహానికి ఇంటివద్దనే చికిత్స చేయడం సాధ్యమే, సముచితమే. అయితే దానికి మమకారం ఒక్కటే చాలదు. గడియారం, కొలత, లెక్కల పుస్తకం – ఈ మూడింటి మీద గౌరవం ఉండాలి.

ముందుగా ఆక్షేపణ సంగతి. ఇన్సులిన్ మనుషుల సొత్తు అన్నట్లు మాట్లాడుతున్నాము గాని, అది మనకు దక్కినదే జంతువుల వలన. 1889లో స్ట్రాస్‌బర్గులో మింకోవ్‌స్కీ, మేరింగ్ అనే వైద్యులు కుక్క క్లోమాన్ని తొలగించి చూచిన తరువాతనే ఆ అవయవానికీ మధుమేహానికీ గల సంబంధం తేటపడింది. 1921లో టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్‌లు ప్రయోగాలు చేసినదీ కుక్కల మీదనే. 1922 జనవరిలో లియొనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ళ బాలునికి మొదటిసారి ఎక్కించిన మందు ఎద్దు క్లోమం నుండి తీసిన సారం. ఆ తరువాత దశాబ్దాల తరబడి మధుమేహులు ప్రాణాలు నిలుపుకున్నది ఎద్దుల, పందుల క్లోమాల చలవతోనే. ఇంత ఋణం ఉన్నవారము, ఒక చిన్న ప్రాణికి ఆ మందులో ఒకటి రెండు యూనిట్లు ఇస్తే అది దుబారా ఎట్లా అవుతుందో నాకు బోధపడదు. భూతయజ్ఞాన్ని గృహస్థుని నిత్యకృత్యాలలో చేర్చిన పెద్దలు మనవారే గదా.

ఇక రోగం సంగతి. పిల్లులకు వచ్చే మధుమేహం చాలావరకు మనలో నడివయసు దాటినవారికి వచ్చే రెండవ రకాన్ని పోలినది. ఒళ్ళు చేసినవాటికి, వయసు మళ్ళినవాటికి, వృషణాలు తీయించిన గండుపిల్లులకు, స్టెరాయిడ్ మందులు వాడినవాటికి ఎక్కువగా వస్తుంది. అదే పనిగా నీళ్ళు త్రాగడం, మూత్రం ఎక్కువ పోవడం, తింటున్నా చిక్కిపోవడం – ఇవీ గుర్తులు. కొన్ని పిల్లులు వెనుక కాళ్ళలో పట్టు తప్పి, మడమలు నేలకానించి నడుస్తాయి. మార్జాలం అన్న పేరు శుభ్రపరచుకొనడం అనే అర్థం గల ధాతువు నుండి వచ్చింది. ఆ మార్జాలమే ఒళ్ళు నాకి శుభ్రం చేసుకొనడం మానితే, ఏదో రోగం ముసిరిందని ఇంటివారు గ్రహించాలి.

'పిల్లికి బిచ్చం పెట్టనివాడు' అని పిసినారిని తిట్టే జాతి మనది. పెట్టడం మంచిదే, పెట్టే పదార్థం దగ్గరనే చిక్కు. కళ్ళు మూసుకొని పాలు త్రాగే పిల్లి మన సామెతలలో ఎంతగా స్థిరపడిందంటే, పాలన్నం, పెరుగన్నమే దాని సహజాహారమని నమ్మేశాము. నిజానికి పిల్లి కేవల మాంసాహారి. పిండిపదార్థాలను సంబాళించుకునే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలు కూడా సరిగా అరగవు. మాంసంలోను, చేపలోను దొరికే టారిన్ అనే పదార్థం చాలకపోతే దాని కంటిచూపు, గుండె రెండూ దెబ్బతింటాయి. ఈ గుండె సంగతి 1987లో శాస్త్రీయంగా రుజువైంది. కనుక శాకాహారుల ఇంటనైనా పిల్లి ఆహారం పిల్లి స్వభావాన్ని బట్టి ఉండాలి గాని ఇంటివారి ఆచారాన్ని బట్టి కాదు. మా వసారాలో చేపవాసన వస్తున్నదని ముక్కు మూసుకునే బంధువులకు నేను చెప్పే సమాధానం ఇదే. పులిని తపస్సు చేయమని మనం అడగడం లేదు. దాని చిన్న చెల్లెలిని మాత్రం ఎందుకు అడగాలి?

మధుమేహం వచ్చిన పిల్లికి పిండిపదార్థం తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ ఉన్న తిండి సగం వైద్యం. గట్టి గింజల రూపంలో వచ్చే మేతలో పిండి ఎక్కువ. తడి ఆహారంలో సాధారణంగా తక్కువ. అయితే ఇక్కడ రెండు జాగ్రత్తలు. లావుగా ఉన్నదని పిల్లిని పస్తు పెట్టరాదు. ఉపవాసం దాని కాలేయానికి ప్రాణాంతకం కాగలదు. ఇన్సులిన్ ఇస్తూ ఉన్నట్టుండి తిండి మార్చడమూ ప్రమాదమే. పిండి తగ్గితే మందు అవసరమూ తగ్గుతుంది. పాత మోతాదే ఇస్తే చక్కెర పడిపోతుంది. మార్పు వైద్యునికి చెప్పి చేయాలి.

ఇంటివద్ద చికిత్స మేలని నేననడానికి ముఖ్యకారణం పిల్లి స్వభావమే. బుట్టలో పెట్టి, ఆటో ఎక్కించి, కుక్కల అరుపుల నడుమ కూర్చోబెడితే ఆరోగ్యంగా ఉన్న పిల్లికి సైతం బెదురుకే రక్తంలో చక్కెర పెరిగిపోతుంది. తన చాప మీద పడుకున్నప్పుడు చెవి అంచున చిన్న గాటుతో తీసిన రక్తపుబొట్టు చెప్పేదే నమ్మదగిన మాట. మనుషుల గ్లూకోమీటరు పిల్లి రక్తానికి తరచు అసలుకంటె తక్కువ చూపుతుంది. జంతువులకై తయారుచేసిన మీటరు దొరికితే మేలు, దొరకనప్పుడు ఏ మీటరుతో చూచినదీ వైద్యునికి తప్పక చెప్పాలి. గత రెండు మూడు వారాల సగటు తెలియడానికి ఫ్రక్టొసమైన్ అనే రక్తపరీక్ష ఉన్నది.

అన్నిటికన్న నేను నొక్కి చెప్పదలచినది సిరంజి సంగతి. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు బలాలలో దొరుకుతాయి – మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, 100 యూనిట్లవి. వాటికి సిరంజిలూ వేరు. 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. నూరు బలం మందును నలభై సిరంజితో ఒక గీత వరకు తీస్తే లోపలికి పోయేది ఒక యూనిటు కాదు, రెండున్నర. నాలుగైదు కిలోల ప్రాణికి ఆ తేడా చావుబ్రతుకుల తేడా. 'ఏదైనా ఒకటేనండీ' అని దుకాణంలో అంటే నమ్మవద్దు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ప్రతిసారీ సరిపోల్చి చూడండి. ఛందస్సులో ఒక్క మాత్ర తప్పితే పద్యమే చెడుతుంది. ఇక్కడ చెడేది ప్రాణం.

మిగిలిన నియమాలు కొద్దివే. మందును ఫ్రిజ్‌లో 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టనీయరాదు. మందు లోపలికి పోయిందో, బొచ్చు మీదనే కారిందో అనుమానం వస్తే రెండవసారి వేయరాదు. ఒక పూట మందు తప్పితే వచ్చే కీడు కన్న రెండింతలు పడితే వచ్చే కీడు పెద్దది. పిల్లి తినకపోతే, వాంతి చేసుకుంటే, సూది వేయకముందే వైద్యుని అడగాలి. తూలడం, వణకడం, మూర్ఛ కనిపిస్తే చక్కెర పడిపోయిందన్న మాట. చిగుళ్ళకు తేనె గాని గ్లూకోజు నీరు గాని రాసి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మన మాత్రలు విరిచి పిల్లికి వేయడం ఎన్నటికీ కూడదు. అమెరికాలో 2022లో ఒక మాత్రకు, 2023లో నోటిలో పోసే ఒక ద్రవానికి పిల్లుల మధుమేహం కోసం అనుమతి లభించింది. అంతకుముందు ఇన్సులిన్ వాడని పిల్లులకే అవి తగినవి. వాటికీ నిశితమైన పర్యవేక్షణ కావాలి.

'రోజుకు రెండు పోట్లు, ఇది హింస కాదా?' అనేవారికి ఒక మాట. ఆ సూది వెంట్రుకకు పెద్దన్న వంటిది. చర్మాన్ని పైకెత్తి వేస్తే తింటున్న పిల్లి తల కూడా ఎత్తదు. చికిత్స లేక రక్తం విషమై, నీరసించి, తిండి మాని పోవడమే హింస. పైగా ఆదిలోనే గుర్తించి, తిండి దిద్ది, ఇన్సులిన్ ఇస్తే కొన్ని పిల్లులకు కొన్ని నెలలలోనే మందు అవసరం లేకుండా పోతుంది. రోగం తిరగబెట్టే అవకాశం ఉన్నా, ఆ ఆశ నిజమైనది.

ఖర్చు లేదని నేననను. మందు, సిరంజిలు, పట్టీలు, తిండి – పింఛనుదారునికి అది లెక్కలోకి వచ్చే మొత్తమే. ఊరు విడిచి రెండు రోజులు వెళ్ళాలన్నా సూది వేయగల మనిషిని వెతుక్కోవాలి. ఇది చేయలేనివారిని కఠినులని నిందించే హక్కు ఎవరికీ లేదు. వారు వైద్యునితో దాపరికం లేకుండా మాట్లాడి, పిల్లికి బాధ తక్కువయ్యే మార్గం చూడాలి. నేను ఒప్పుకోనిది ఒక్కటే – చేయగలిగి కూడా 'పిల్లే గదా' అని వదిలివేయడం. పశువుల ఆసుపత్రి అంటే గేదెలకే అనుకోనక్కరలేదు. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్‌లలో పశువైద్య కళాశాలలున్నాయి. పట్టణాలలో చిన్న జంతువుల వైద్యులు పెరిగారు.

మీ యింటి పిల్లి నీళ్ళ గిన్నె ఇదివరకటికన్న త్వరగా ఖాళీ అవుతుంటే ఉపేక్షించకండి. ఈ వారంలోనే రక్తం, మూత్రం పరీక్ష చేయించండి. పరీక్షలో ఏమీ లేదని తేలితే పోయేది కొద్ది రూపాయలే.

స్వస్తి.